పదకొండు కాగితాలతో ఈఆర్‌పీ ఎంపిక: పీణ్యాలో ఒక మిషన్ షాపు కథ

2025 మార్చి ఆఖరి వారం. బెంగళూరు పీణ్యా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ప్రెసిషన్ కాంపొనెంట్స్ కంపెనీ స్టోర్స్ గదిలో, నేలమీద పరిచిన డెలివరీ చలాన్ల మధ్య నలుగురం కూర్చుని ఉన్నాం. ఆడిటర్ ఆఫీసు నుంచి వచ్చిన ఇద్దరు పిల్లలు, స్టోర్స్ చూసే కుర్రాడు, నేను. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ టాలీలో ఉన్న స్టాక్‌కీ, అరల్లో ఉన్న సరుక్కీ పొంతన కుదరడం లేదు. ఎవరూ దొంగిలించలేదు. సరుకంతా పీణ్యాలోనే ఎక్కడో ఒకచోట ఉంది. ప్లేటింగ్ వాళ్ళ దగ్గర కొంత, హీట్ ట్రీట్‌మెంట్ వాళ్ళ దగ్గర కొంత, గ్రైండింగ్‌కి వెళ్ళి తిరిగి రానిది కొంత. ఎవరి దగ్గర ఎంతుందో చెప్పగలిగింది ఆ గదిలో ఒక్కటే, ఆ కుర్రాడి పొడుగు పుస్తకం.

ఆ పుస్తకాన్ని నేను గంటసేపు చూశాను. ఎడమవైపు తేదీ, చలాన్ నంబరు, పార్టీ పేరు. కుడివైపు వెళ్ళినవి, వచ్చినవి, మిగిలినవి. పూర్తిగా తిరిగొచ్చిన చలాన్‌కి పచ్చ టిక్కు, సగమే వచ్చినదానికి పెన్సిల్‌తో సున్నా. ఒకచోట తెలుగులో రాసుకున్నాడు: "జింక్ వాళ్ల కాడ 38 నం. ఉండాయి, బిల్లు మాత్రం మొత్తానికి ఏసినారు." హిందూపురం పిల్లాడు, నాలుగేళ్ళుగా ఆ పుస్తకం అతని చేతిలోనే ఉంది. "నువ్వు వారం రోజులు సెలవు పెడితే ఎట్లా?" అని అడిగాను. "ఫోన్ చేస్తారక్కా, పేజీ నంబరు చెప్తా" అన్నాడు.

కంపెనీ గురించి నాలుగు మాటలు. మదనపల్లె వైపు నుంచి వచ్చిన పెద్దాయన రెండు లేత్ మిషన్లతో మొదలుపెట్టారు. ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. కంప్యూటర్‌తో నడిచే 14 సీఎన్‌సీ టర్నింగ్ మిషన్లు, 5 వీఎంసీలు (నిలువు మిల్లింగ్ మిషన్లు), 70 మంది మనుషులు. టర్నోవర్ 10 కోట్లు దాటింది, 20 కోట్లకి ఇంకా చేరలేదు. ప్రైవేట్ లిమిటెడ్. హైడ్రాలిక్స్, ఆటో విడిభాగాల కంపెనీలకి పిన్నులు, బుష్‌లు, వాల్వ్ స్పూల్స్ చేస్తారు. టర్నింగ్, మిల్లింగ్ లోపల జరుగుతాయి. హీట్ ట్రీట్‌మెంట్, జింక్ ప్లేటింగ్, సెంటర్‌లెస్ గ్రైండింగ్ అన్నీ బయట. పీణ్యాలో చిన్న షాపులు బతికేదే ఇలా, ఒకరి పని ఇంకొకరి గోడ అవతల పూర్తవుతుంది. అంటే ఏ రోజు చూసినా కంపెనీ సరుకులో మంచి భాగం కంపెనీ గేటు బయటే ఉంటుంది.

నేను కాస్ట్ అకౌంటెంట్‌ని. ఈఆర్‌పీ అంటే కొనుగోళ్ళు, స్టాక్, ఉత్పత్తి, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్. ఈ సైజు కంపెనీలకి దాని ఎంపికలో, అమలులో సాయం చేయడం నా పని. ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచీ కమీషన్ తీసుకోను. ఆ మాట మొదటిరోజే కాగితం మీద రాసిస్తాను.

నన్ను పిలిచేసరికే ఓనర్ ఒక ఎక్స్‌పోలో డెమో చూసి వచ్చి ఉన్నాడు. "మేడమ్, అన్నీ ఉన్నాయంట. మొబైల్‌లో డ్యాష్‌బోర్డ్ కూడా వస్తుంది. అడ్వాన్స్ ఇచ్చేద్దామా?" అన్నాడు. నేను అడిగింది ఒక్కటే. ఆ డెమోలో జాబ్ వర్క్‌కి, అంటే మన సరుకు మీద బయటివాళ్ళతో చేయించే పనికి, వెళ్ళిన సరుకు ఎలా చూపించారు? అతనికి గుర్తులేదు. వాళ్ళు చూపించలేదు, ఇతను అడగలేదు.

ఈ సైజు కంపెనీ ముందుకి వచ్చే పేర్లు దాదాపు ఎప్పుడూ అవే. అకౌంట్లు ఎలాగూ టాలీలో ఉంటాయి. 1986లో మొదలైన ఆ కంపెనీ మన బెంగళూరుదే. తర్వాత సాప్ బిజినెస్ వన్. సాప్ అనగానే పెద్ద కంపెనీలకే అనుకుంటారు గానీ, ఇది చిన్న, మధ్య తరహా వాళ్ళ కోసం ఉన్న వేరే ప్రాడక్ట్. 2002లో ఒక ఇజ్రాయెల్ కంపెనీని కొన్నప్పుడు సాప్ చేతికి వచ్చింది. మైక్రోసాఫ్ట్ బిజినెస్ సెంట్రల్‌కి మూలం డెన్మార్క్‌లో పుట్టిన నావిజన్, అది మైక్రోసాఫ్ట్ చేతికి వచ్చిందీ 2002లోనే. ఓపెన్ సోర్స్ వైపు బెల్జియం నుంచి ఒడూ, ముంబై నుంచి ఈఆర్‌పీనెక్స్ట్. ఒడూలో కమ్యూనిటీ ఎడిషన్ ఉచితమే గానీ పూర్తిస్థాయి అకౌంటింగ్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లోనే వస్తుంది. ఈఆర్‌పీనెక్స్ట్ మొత్తం జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద ఉంది. ఇవి కాక పీణ్యాలాంటి చోట్ల లోకల్‌గా తయారైన మిషన్ షాపు ప్యాకేజీలు నాలుగైదు తిరుగుతుంటాయి. కొన్ని చాలా బాగుంటాయి.

టాలీలో కూడా జాబ్ వర్క్ ఉంది, మెటీరియల్ అవుట్, మెటీరియల్ ఇన్ వోచర్లతో. ముందు దాంతోనే సరిపెట్టగలమా అని రెండు వారాలు నిజాయితీగా ప్రయత్నించాం. అకౌంట్ల వరకు ఏ ఇబ్బందీ లేదు. కానీ ఈ షాపుకి కావలసింది ఏ మిషన్ మీద ఏ ఆపరేషన్, ఎన్ని రిజెక్షన్లు, రేపు ఏ జాబ్ ఎక్కించాలి అనే ప్లానింగ్. ఆ పని అకౌంటింగ్ ప్యాకేజీ మీద పెట్టడం సరికాదనిపించి ముందుకి కదిలాం.

మామూలుగా ఈ దశలో ఒక పెద్ద ఎక్సెల్ షీటు పుడుతుంది. రెండొందల వరుసలు, ప్రతి వరుసలో ఒక ఫీచర్, ప్రతి వెండర్‌కి ఒక కాలమ్. పూర్తిచేసి పంపమంటే అందరూ అన్నిటికీ "ఉంది" అని రాస్తారు. వాళ్ళది అబద్ధం కాదు. "జాబ్ వర్క్ ఉందా?" అని అడిగితే ఉంది. "ఈ-వే బిల్లు (సరుకు బండితో ఉండాల్సిన జీఎస్టీ ఆన్‌లైన్ పత్రం) వస్తుందా?" వస్తుంది. ప్రశ్న అంత వదులుగా ఉంటే జవాబు కూడా అంతే వదులుగా ఉంటుంది. అలాంటి షీట్ల మీద మార్కులు వేసి, సగటు తీసి, గెలిచినదాన్ని కొని, ఆర్నెల్లకి మళ్ళీ పొడుగు పుస్తకం తెరిచిన కంపెనీలని నేను చూశాను. చాలా బాధనిపిస్తుంది, ఎందుకంటే ఆ డబ్బు ఒక కొత్త మిషన్ కొనుక్కోవడానికి దాచుకున్న డబ్బు.

అందుకే మేము షీటు చేయలేదు. స్టోర్స్ కుర్రాడు, ప్లానింగ్ ఇంజనీరు, అకౌంట్స్ చూసే అమ్మాయి, ముగ్గురినీ కూర్చోబెట్టి గత సంవత్సరంలో వాళ్ళకి తలనొప్పి తెచ్చిన కాగితాలు తీయమన్నాను. నిజమైన చలాన్లు, నిజమైన బిల్లులు. ముప్పై దాకా వచ్చాయి. ఒకే రకం సమస్యవి తీసేస్తే పదకొండు మిగిలాయి. పార్టీల పేర్లు, రేట్లు చెరిపేసి జిరాక్స్ తీయించాం. వెండర్లకి చెప్పింది ఇంతే: ఈ పదకొండు కాగితాలు అయిదు రోజుల ముందు మీ చేతికిస్తాం. మా ఆఫీసుకి వచ్చి, మా ముందు, మీ సాఫ్ట్‌వేర్‌లో వేసి చూపించండి. వేసేది సేల్స్ మనిషి కాకూడదు, రేపు మా దగ్గర పనిచేయబోయే మనిషే కావాలి.

అయిదుగురిని పిలిస్తే ఇద్దరు అక్కడే ఆగిపోయారు. "మా స్టాండర్డ్ డెమో చూసి నిర్ణయించుకోండి" అన్నారు. సరే అన్నాం.

పదకొండూ ఇక్కడ చెప్పను. అందులో అయిదు మాత్రం మిషన్ షాపు నడిపే ప్రతివాళ్ళూ తెలుసుకోవాల్సినవి.

మొదటిది ఒక కడ్డీ కథ. ఈఎన్8 అనే రకం ఉక్కు రౌండ్ బార్, 25 ఎంఎం డయా. కొనేది కేజీల్లో. మీటరుకి 3.85 కేజీల చొప్పున 3 మీటర్ల బార్ 11.55 కేజీలు తూగుతుంది. పిన్ను పొడవు 60 ఎంఎం, పిన్నుని కోసే పార్టింగ్ టూల్ తినేది 3 ఎంఎం, అంటే ఒక పిన్నుకి 63. బార్ చివర చక్‌లో పట్టుకోవడానికి 100 ఎంఎం వదిలేయాలి. మిగిలిన 2900ని 63తో భాగిస్తే 46 పిన్నులు. పది బార్లు కోస్తే 115.5 కేజీల ఉక్కు నుంచి 460 పిన్నులు, మిగిలింది చిప్స్, ముక్కలు, అంటే తుక్కు. ఆ 460 పిన్నులూ హీట్ ట్రీట్‌మెంట్‌కి నంబర్లలో వెళ్తాయి, వాళ్ళ బిల్లు మాత్రం కేజీల్లో వస్తుంది. ఒకే సరుకు కేజీల్లో పుట్టి, నంబర్లలో తిరిగి, మళ్ళీ కేజీల్లో బిల్లవుతుంది. తుక్కు మళ్ళీ కేజీల్లో అమ్ముడవుతుంది. సాఫ్ట్‌వేర్ ఈ నాలుగు మలుపుల్లో ఎక్కడ తప్పినా కాస్టింగ్ మొత్తం తప్పుతుంది.

రెండోది అసలు పరీక్ష. అదే 460 పిన్నులు హీట్ ట్రీట్‌మెంట్ అయ్యాక మన షాపుకి రావు. టెంపో అటునుంచి అటే ప్లేటింగ్ వాళ్ళ దగ్గరికి తీసుకెళ్తుంది. జీఎస్టీ చట్టం దీన్ని ఒప్పుకుంటుంది. ఒక జాబ్ వర్కర్ నుంచి ఇంకో జాబ్ వర్కర్‌కి వెళ్ళేటప్పుడు చలాన్ మనమైనా ఇవ్వచ్చు, పంపే జాబ్ వర్కరైనా ఇవ్వచ్చు. జాబ్ వర్క్ సరుకు లెక్క చెప్పే ఐటీసీ-04 అనే జీఎస్టీ రిటర్న్‌లో ఇలాంటివాటిని విడిగా చూపించాలి కూడా. ఇక్కడ గడియారం ఒకటి నడుస్తుంటుంది. సెక్షన్ 143 ప్రకారం జాబ్ వర్క్‌కి పంపిన ముడిసరుకు ఏడాదిలోపు తిరిగి రావాలి, లేదా అక్కడి నుంచే అమ్ముడవ్వాలి. కాకపోతే పంపిన రోజే అమ్మినట్టు లెక్క, టాక్స్ కట్టాలి, వడ్డీ కూడా. క్యాపిటల్ గూడ్స్‌కి, అంటే మిషన్ల లాంటివాటికి, మూడేళ్ళు. ఆ ఏడాది లెక్క మొదటిసారి గేటు దాటిన రోజు నుంచి నడుస్తుంది. మధ్యలో చేయి మారిందని సాఫ్ట్‌వేర్ ఆ తేదీని మర్చిపోకూడదు.

మూడోది హోసూరు చలాన్. సరుకు విలువ 18,000 రూపాయలు. ఈ-వే బిల్లు 50,000 దాటితేనే అని అందరూ అనుకుంటారు. కానీ జాబ్ వర్క్ కోసం ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పంపితే విలువ ఎంత చిన్నదైనా ఈ-వే బిల్లు తప్పదు. పీణ్యా కర్ణాటక, హోసూరు తమిళనాడు. బెంగళూరు షాపులకి హోసూరు పక్క వీధిలాంటిది కాబట్టి ఈ సంగతి తరచూ మర్చిపోతారు.

నాలుగోది మాటమార్చిన కస్టమర్. బిల్లు వేశాం, ఐఆర్‌ఎన్ (ప్రభుత్వ పోర్టల్ బిల్లుకి ఇచ్చే నంబరు) వచ్చింది, ఈ-వే బిల్లు పుట్టింది, బండి ఇంకా గేటు దాటలేదు. అప్పుడు ఫోన్: "500 కాదు, 420 పంపండి చాలు." ఈ కంపెనీకి ఈ-ఇన్వాయిస్, అంటే బిల్లుని ఆ పోర్టల్‌లో నమోదు చేయడం, తప్పనిసరి. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటినవాళ్ళందరికీ వర్తిస్తుంది. రద్దు చేయాలంటే ముందు ఈ-వే బిల్లు, ఆ తర్వాత ఐఆర్‌ఎన్, అన్నీ 24 గంటల్లోపే. రద్దైన బిల్లు నంబరుతో మళ్ళీ ఐఆర్‌ఎన్ రాదు, కొత్త నంబరు తీసుకోవాలి. 24 గంటలు దాటితే క్రెడిట్ నోటే (బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ ఇచ్చే పత్రం) దారి. ఈ వరస సాఫ్ట్‌వేర్‌కి తెలియాలి, తెలియకపోతే డిస్పాచ్‌లో కూర్చున్న మనిషి సాయంత్రం ఏడు గంటలకి టెన్షన్‌తో పోర్టల్ తెరుచుకుని కూర్చోవాలి.

అయిదోది కాగితం కూడా కాదు, ఒక ప్రశ్న. నిన్న వేసిన బిల్లులో మొత్తం మార్చండి, ఎవరు ఎప్పుడు మార్చారో చూపించండి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల చట్టం కింద రిజిస్టరైన కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పుకీ ఎడిట్ లాగ్ ఉండాలి, దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. ఆడిటర్ తన రిపోర్టులో దాని గురించి రాయాలి కూడా.

మిగతావి వరసగా రేటు తేడా డెబిట్ నోటు, సగం రిజెక్టై తిరిగొచ్చిన లాట్, కస్టమరే ఇచ్చిన బార్లు మన బార్ల పక్కనే ఉన్నా మన స్టాక్ విలువలో కలవకుండా చూడటం, చిన్న పరిశ్రమల సప్లయర్లకి 45 రోజుల్లోపు చెల్లింపు గుర్తుచేయడం, ఇంకో రెండు.

ఇక మూడు డెమోలు. ఈ ముగ్గురి పేర్లూ రాయను. అక్కడ జరిగిన పొరపాట్లలో సాఫ్ట్‌వేర్‌వి ఎన్నో, తెచ్చిన మనుషులవి ఎన్నో విడదీయడం కష్టం. గెలిచినదాని పేరు చెబితే చదివినవాళ్ళు నేరుగా వెళ్ళి అదే కొనేస్తారు, వాళ్ళ కాగితాలు మాత్రం వేరుగా ఉంటాయి.

మొదటివాళ్ళు విదేశీ ప్యాకేజీకి పార్టనర్లు. మంచి చొక్కాలు, మంచి స్లైడ్లు, వాటిని పక్కన పెట్టమన్నాం. బార్ లెక్క చక్కగా చేశారు. కస్టమర్ ఇచ్చిన సరుకునీ తప్పులేకుండా విడదీశారు. హీట్ ట్రీట్‌మెంట్ నుంచి ప్లేటింగ్‌కి నేరుగా వెళ్ళే కాగితం దగ్గర ఆగిపోయారు. వాళ్ళు చూపించిన దారి ఏంటంటే, సరుకు మన స్టోర్స్‌కి వచ్చినట్టు ఒక జీఆర్‌ఎన్ (సరుకు అందిందనే రసీదు) వేసి, అదే నిమిషంలో మళ్ళీ బయటికి పంపినట్టు ఇంకో చలాన్ వేయడం. స్టోర్స్ కుర్రాడు అప్పటిదాకా మాట్లాడలేదు. "సార్, సరుకు రాలేదు కదా, వచ్చినట్టు నేనెట్లా సంతకం పెట్టేది?" అని అడిగాడు. గది నిశ్శబ్దమైంది. ఆ కుర్రాడు అడిగినది సరైన ప్రశ్న. రాని సరుకు వచ్చిందని రాయించే సాఫ్ట్‌వేర్ రేపు వచ్చిన సరుకు రాలేదని రాయడానికీ తలుపు తెరుస్తుంది. "కస్టమైజ్ చేస్తాం మేడమ్" అన్నాడు వచ్చినతను. ఎన్ని రోజులు, ఎంత అని అడిగితే తర్వాత చెప్తామన్నారు.

మూడోవాళ్ళ గురించి ముందు చెప్తాను, ఎందుకంటే మా అందరికీ మనసు అక్కడే పడింది. లోకల్ ప్యాకేజీ. తయారుచేసినాయన ఒకప్పుడు షాపు ఫ్లోర్ మీద పనిచేసినవాడే. జాబ్ వర్క్ స్క్రీన్ తెరవగానే కుర్రాడి ముఖం విప్పారింది. "అక్కా, ఇది మన పుస్తకమే!" నిజంగానే అదే వరస, ఎడమవైపు చలాన్, కుడివైపు వెళ్ళినవి, వచ్చినవి, మిగిలినవి. హోసూరు చలాన్ వేయగానే ఈ-వే బిల్లు అడిగింది. తొమ్మిది కాగితాలు కన్ను మూసి తెరిచేలోపు అయిపోయాయి. తర్వాత అయిదో ప్రశ్న వచ్చింది. అడ్మిన్ లాగిన్‌తో నిన్నటి బిల్లు తెరిచి మొత్తం మార్చాడు. లాగ్‌లో ఏమీ లేదు. ఆయన దాచలేదు. "అడ్మిన్‌కి లాగ్ పెట్టలేదు, మా కస్టమర్లు చాలామంది పార్ట్‌నర్‌షిప్‌లే, ఎవరూ అడగలేదు" అన్నాడు. అకౌంట్లు టాలీలోనే ఉంచి, ఇది షాపు వరకే వాడితే కుదురుతుందా అని ఆడిటర్‌ని అడిగాను. బిల్లు పుట్టేది ఇందులో అయితే ఇది కూడా లెక్కల పుస్తకమే అని ఆయన అభిప్రాయం. నాకూ అదే సబబనిపించింది. అంత మంచి పనితనాన్ని వదులుకోవడం నాకు ఇప్పటికీ వెలితిగానే ఉంది. లాగ్ పెడితే మళ్ళీ పిలుస్తామని చెప్పాం, మనస్ఫూర్తిగానే చెప్పాం.

రెండోవాళ్ళు ఓపెన్ సోర్స్ ప్యాకేజీ అమలు చేసే చిన్న టీమ్, ఆరుగురు. స్క్రీన్లు అందంగా లేవు, ఒక్కో ఎంట్రీకి క్లిక్కులు ఎక్కువ. రిజెక్షన్ కాగితం దగ్గర తడబడ్డారు, ఆ విషయం ఒప్పుకున్నారు. కానీ అసలు పరీక్షలో నిలబడ్డారు. ప్రతి జాబ్ వర్కర్‌నీ ఒక గోడౌన్‌గా పెట్టి, ఒక గోడౌన్ నుంచి ఇంకో గోడౌన్‌కి సరుకు మార్చి, దానికి చలాన్ తీశారు. మన స్టోర్స్ పేరు ఎక్కడా రాలేదు. మొదటి చలాన్ తేదీ అలాగే వెంట వచ్చింది. హోసూరు చలాన్‌కి మొదట ఈ-వే బటన్ రాలేదు, సెట్టింగులో 50,000 పరిమితి ఉంది. మా కళ్ళముందే ఆ పరిమితి తీసి, మళ్ళీ వేసి చూపించారు. ఎడిట్ లాగ్ అడ్మిన్‌కి కూడా పట్టింది. అలా తొమ్మిది దాటారు, రెండు మిగిలాయి. ఆ రెండూ ఎందుకు ఆగాయో రాసి సంతకం పెట్టి ఇచ్చారు.

ధర దగ్గరికి వస్తే, మేము అయిదేళ్ళ మొత్తం లెక్క వేశాం. లైసెన్సు, ఇంప్లిమెంటేషన్, ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఫీజు), సర్వర్, ట్రైనింగ్. వీటికి ఇంకొకటి కలిపాను, మన మనుషుల గంటలు. ముగ్గురు ముఖ్యమైన మనుషులు నాలుగు నెలలు రోజూ సగం పూట ఈ పనికే పోతారు. ఆ జీతం ఏ కొటేషన్‌లోనూ ఉండదు, కానీ ఖర్చు కంపెనీదే. లైసెన్సు సున్నా ఉన్న చోట ఇంప్లిమెంటేషన్ బరువుగా ఉంది. యూజర్‌కి ఇంత అని తీసుకునే చోట ఇంకో సంగతి బయటపడింది. కొటేషన్ 5 యూజర్లకి ఇచ్చారు. గేటు, స్టోర్స్, క్వాలిటీ, ప్లానింగ్, పర్చేజ్, డిస్పాచ్, అకౌంట్స్‌లో ఇద్దరు, ఓనర్, లెక్కపెడితే 9. గేటు దగ్గర కంప్యూటర్‌ని ఎవరూ లెక్కలో వేయరు, అసలు చలాన్ నిజమా కాదా తేలేది అక్కడే. తొమ్మిదికి లెక్క వేసేసరికి వరస మారిపోయింది.

చివరి మాట పెద్దాయనది. రెండు గంటలు మౌనంగా విని, "అమ్మా, ఈ ఆరుగురు పిల్లోళ్ళు రేపు దుకాణం మూసుకుంటే మా గతేంది?" అని అడిగారు. ఇంతకన్నా మంచి ప్రశ్న ఈ మొత్తం ఎంపికలో ఎవరూ అడగలేదు. మర్నాడు వాళ్ళని డేటాబేస్ బ్యాకప్ ఇమ్మన్నాం, ఇంకో మనిషిని పెట్టి ఇంకో మిషన్ మీద దాన్ని నిలబెట్టించాం. లేచింది. ప్రతివారం బ్యాకప్ కంపెనీ సొంత అకౌంట్‌లోకి రావాలని కాంట్రాక్టులో రాశాం. చివరి 30 శాతం డబ్బు మా పదకొండు కాగితాలూ లైవ్ డేటా మీద మళ్ళీ దాటితేనే అని కూడా రాశాం. వాళ్ళు ఒప్పుకున్నారు.

అసలు కష్టం కొన్న తర్వాత మొదలైంది. టాలీ నుంచి ఐటమ్ మాస్టర్, అంటే సరుకుల పేర్ల జాబితా, తీస్తే 4,100 వరుసలు. పైన చెప్పిన ఆ ఒక్క 25 ఎంఎం బారే ఏడు పేర్లతో ఉంది. "ఈఎన్8 25 డయా", "25ఎంఎం రౌండ్ ఈఎన్-8", "ఎన్8 రాడ్ 25"... ఎవరు ఎప్పుడు బిల్లు వేస్తే వాళ్ళకి తోచిన పేరు. ఇవన్నీ ఎక్కించి తర్వాత సరిచేసుకుందాం అన్నారు. నేను ఒప్పుకోలేదు. ప్లానింగ్ ఇంజనీరు, కుర్రాడు కలిసి రోజూ సాయంత్రం రెండు గంటలు కూర్చున్నారు. ఏడు వారాల్లో 1,650కి తగ్గించారు. ఈ ప్రాజెక్టులో అత్యంత విలువైన పని ఏదంటే నేను దాన్నే చూపిస్తాను.

మార్పుల కోరికలు 23 వచ్చాయి. 4 మాత్రమే ఒప్పుకున్నాం. జర్మనీ రిటైల్ సంస్థ లిడిల్ ఏడేళ్ళు, సుమారు 50 కోట్ల యూరోలు పెట్టిన సాప్ ప్రాజెక్టుని 2018లో ఆపేసింది. సరుకు నిల్వని కొన్న ధరతో లెక్కగట్టే తన అలవాటు వదలకుండా, దానికి తగ్గట్టు సాఫ్ట్‌వేర్‌ని మార్పించుకుంటూ పోవడం ఒక కారణమని అప్పట్లో పత్రికలు రాశాయి. ఓనర్‌కి ఆ సంగతి చెప్పాను. బిల్లు ఫార్మాట్‌లో లోగో కుడివైపు రావాలన్న కోరిక ఆయనే కొట్టేశాడు.

గో-లైవ్, అంటే కొత్త వ్యవస్థ మొదలుపెట్టే తేదీ మీద గట్టిగా వాదన జరిగింది. అందరికీ ఏప్రిల్ 1 ఇష్టం, కొత్త సంవత్సరం కొత్త లెక్క అని. కానీ మార్చిలో ఏ షాపైనా డిస్పాచ్‌లతో ఊపిరాడకుండా ఉంటుంది. చాక్లెట్ల కంపెనీ హెర్షీ 1999 జులైలో, సరిగ్గా హాలోవీన్ ఆర్డర్లు ఊపందుకునే ముందు కొత్త వ్యవస్థకి మారి దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు పంపలేకపోయింది. సరుకు గోడౌన్లలో ఉంది, పంపే దారే తెలియలేదు. మేము ఎంచుకున్నది ఆయుధ పూజ. ఐటీసీ-04 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు ఒక అరసంవత్సరం, కాబట్టి సెప్టెంబర్ 30 దాకా పాత లెక్కతోనే రిటర్న్ వేసేయొచ్చు. 2025 అక్టోబర్ 1 ఆయుధ పూజ, 2 విజయదశమి, మిషన్లు ఎలాగూ ఆగుతాయి. తుడిచి, కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కట్టిన మిషన్ల మధ్య మేము స్టాక్ లెక్కపెట్టాం. ఎనిమిది మంది, రెండు రోజులు. ప్రసాదం తింటూ కేజీలు తూచాం. అంతకుముందే ఇద్దరు కుర్రాళ్ళు బైక్ మీద పీణ్యా అంతా తిరిగి 19 మంది జాబ్ వర్కర్ల దగ్గర మన సరుకు లెక్కపెట్టి సంతకాలు తెచ్చారు. అక్టోబర్ 6 సోమవారం కొత్త వ్యవస్థలో మొదటి చలాన్ పడింది.

మధ్యలో సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారడం మేము అనుకోని పరీక్ష. ఐటమ్ మాస్టర్‌లో రేటుకి అమలు తేదీ పెట్టే వీలుందో లేదో మా పదకొండు కాగితాల్లో లేదు. అదృష్టం కొద్దీ ఉంది. ఇప్పుడు కొత్తగా పిలిచే కంపెనీలన్నిటికీ నేను అది పన్నెండో కాగితంగా పెడుతున్నాను.

మొదటి మూడు వారాలు బాగా లేవు. చలాన్లు పగలంతా చేత్తో రాసి, సాయంత్రం ఒక్కసారిగా ఎక్కించేవాళ్ళు. మధ్యాహ్నం చూస్తే స్టాక్ మైనస్‌లో కనిపించేది. ప్లానింగ్ ఇంజనీరు స్క్రీన్ నమ్మడం మానేశాడు. గేటు దగ్గర కంప్యూటర్, ప్రింటర్ పెట్టించి, సిస్టమ్ నుంచి ప్రింటైన చలాన్ లేకుండా ఏ టెంపో కదలకూడదని ఓనర్ స్వయంగా నాలుగు రోజులు అక్కడ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అయిదో రోజు నుంచి ఆయన కూర్చోవాల్సిన అవసరం రాలేదు.

నవంబర్‌లో మొదటిసారి వయసుల వారీగా జాబ్ వర్క్ రిపోర్టు తీశాం. పదకొండు నెలలు దాటిన చలాన్లు 6. అందులో ఒకటి ఇత్తడి బుష్‌లు, ఏడాదికి ఇంకా పంతొమ్మిది రోజులే ఉంది. ప్లేటింగ్ వాళ్ళ మూలగదిలో గోనెసంచిలో దొరికాయి. కుర్రాడే వెళ్ళి తెచ్చాడు.

నేను సరిగ్గా చూడని విషయం రిజెక్షన్లు. డెమోలోనే బలహీనంగా ఉందని తెలిసీ, తర్వాత సర్దుకుంటుందనుకున్నాను. జాబ్ వర్కర్ దగ్గర పాడైన పిన్నులకి డబ్బు ఎవరు భరించాలి, ఆ తుక్కు ఎవరిది అన్నది ఇప్పటికీ సిస్టమ్‌లో రెండు ఎంట్రీలు, ఒక ఫోన్ కాల్ తీసుకుంటోంది. పుస్తకంలో ఆ ఒక్క పేజీ ఇంకా నడుస్తోంది. జనవరిలో ఆ టీమ్ దాన్ని సరిచేసి తెచ్చింది, మేము పాత కాగితమే మళ్ళీ వేయించాం, సగం దాటింది.

ఓనర్ ఇప్పుడు మిషన్ గంటకి ఇంత అని ఆపరేషన్ కాస్టింగ్ మొదలుపెడదామని అడుగుతున్నాడు. ఆపరేటర్లు టైమ్ బుకింగ్ సరిగ్గా చేసిన డేటా ఆరు నెలలది ఉండాలి, అప్పటిదాకా వద్దని చెప్పాను. ఏప్రిల్‌లో ఐటీసీ-04 మొదటిసారి కొత్త సిస్టమ్ నుంచే వెళ్ళాలి. ముందు అది వెళ్ళనిద్దాం.